ఎముక ఖాళీకి ఏ మిశ్రమ పదార్థం? పోల్చి ఎంచుకునే పద్ధతి

ఎముకకు బదులు పెట్టే పదార్థాన్ని ఎంచుకోవాలంటే చాలామంది చూపు ముందు బలం అంకె మీదికే పోతుంది. ఎన్ని మెగాపాస్కల్ (ఒత్తిడిని, బలాన్ని కొలిచే ప్రమాణం)? ఎముకకు ఎంత దగ్గరగా ఉంది? అడగాల్సిన ప్రశ్నే, కానీ మొదట అడగాల్సింది కాదు. ఆ అంకె చాలాసార్లు పొడిగా ఉన్న ముక్కను, గది వేడిమిలో, మొదటి రోజున నొక్కి చూసి రాసినది. ఒంట్లో పెట్టాక అదే ముక్క తడుస్తుంది, మెత్తబడుతుంది, కరుగుతుంది. అదే సమయంలో దాని లోపలికి కొత్త ఎముక పెరగాలి. పదార్థం తగ్గే వేగమూ ఎముక పెరిగే వేగమూ జతపడ్డాయా లేదా అన్నదే అసలు లెక్క. పదార్థం ముందే కరిగిపోతే ఆ చోటులోకి పీచు కణజాలం దూరుతుంది. మరీ ఆలస్యంగా కరిగితే ఎముక రావలసిన చోటును పదార్థమే పట్టుకుని కూర్చుంటుంది. కింది పోలికలన్నీ ఈ లెక్క చుట్టూనే తిరుగుతాయి.

ఎముకే ఒక మిశ్రమం

ఎముక బరువులో సుమారు 60 నుంచి 65 శాతం ఖనిజం, 20 నుంచి 25 శాతం సేంద్రియ పదార్థం, మిగతాది నీరు. సేంద్రియ భాగంలో దాదాపు 90 శాతం ఒకటో రకం కొల్లాజెన్ అనే ప్రోటీన్. ఖనిజం మనం సీసాలో కొనే స్వచ్ఛమైన హైడ్రాక్సీఅపటైట్ (కాల్షియం, ఫాస్ఫేట్‌ల ఖనిజం) కాదు. కాల్షియం కొంత లోపించి, కార్బొనేట్ 4 నుంచి 8 శాతం దాకా కలిసిన అపటైట్ అది. దాని స్ఫటికాలు రెండు మూడు నానోమీటర్ల మందం ఉన్న చిన్న పలకలు. కొల్లాజెన్ పోగుల లోపలా చుట్టూ అవి పేర్చినట్టు ఉంటాయి. అందుకే ఎముక గట్టిగా ఉంటూనే పగులును మధ్యలో ఆపగలుగుతుంది.

పైన ఉండే గట్టి ఎముకకు యంగ్ గుణకం (భారం కింద ఎంత తక్కువ వంగుతుందో చెప్పే గట్టిదనం కొలత) సుమారు 10 నుంచి 20 గిగాపాస్కల్ (ఒక గిగాపాస్కల్ అంటే వెయ్యి మెగాపాస్కల్), నొక్కుడు బలం 100 నుంచి 200 మెగాపాస్కల్. లోపలి స్పాంజి ఎముకకు గుణకం 0.05 నుంచి 0.5 గిగాపాస్కల్, నొక్కుడు బలం 2 నుంచి 12 మెగాపాస్కల్, ఖాళీ భాగం 50 నుంచి 90 శాతం. ఇప్పుడు విడి పదార్థాలను చూడండి. రంధ్రాలు లేని హైడ్రాక్సీఅపటైట్ గుణకం 80 నుంచి 110 గిగాపాస్కల్, కానీ పగులును తట్టుకునే శక్తి గట్టి ఎముకలో సగానికి కూడా చాలాసార్లు రాదు. పాలీకాప్రోలాక్టోన్ అనే ఒంట్లో కరిగిపోయే ప్లాస్టిక్ విరగదు, వంగుతుంది, కానీ గుణకం 0.4 గిగాపాస్కల్ దాటదు. ఒకటి పెళుసు, ఇంకొకటి మెత్తన. రెండింటినీ కలిపితే మధ్యలో ఎక్కడో ఎముక దొరుకుతుందన్న ఆశతోనే ఈ రంగం మొదలైంది.

ఆ ఆశకు తొలి రుజువుల్లో ఒకటి లండన్‌లో 1980ల్లో విలియం బాన్‌ఫీల్డ్ బృందం చేసిన పదార్థం. పాలిథిలీన్‌లో ఘనపరిమాణం లెక్కన 40 శాతం హైడ్రాక్సీఅపటైట్ కలిపారు. కంటి గూడు అడుగు పలకకూ, మధ్య చెవి ఎముకలకూ అది వాడుకలోకి వచ్చింది. అక్కడ భారం తక్కువ, కరగాల్సిన అవసరమూ లేదు. పదార్థాన్ని దానికి తగిన చోటే వాడటం వల్ల అది నిలబడింది.

ముందు ఖాళీని చదవండి

పదార్థాల జాబితా తెరవకముందే మూడు విషయాలు తేలాలి.

భారం ఎవరు మోస్తారు? ప్లేటు గానీ రాడ్డు గానీ మోస్తుంటే పదార్థానికి స్పాంజి ఎముక స్థాయి బలం చాలు, అంటే తడిలో 2 నుంచి 10 మెగాపాస్కల్. పదార్థమే మోయాలంటే కరిగే మిశ్రమాల్లో ఇప్పటికి నమ్మదగినది దాదాపు లేదు.

ఖాళీ చుట్టూ గోడలు ఉన్నాయా? నాలుగు వైపులా సజీవ ఎముక ఉన్న గుంతలో రక్తమూ కణాలూ అన్ని వైపుల నుంచీ వస్తాయి. అక్కడ గుళికలు పోసినా పని జరుగుతుంది. పొడవాటి ఎముకలో ఒక ముక్కే లేకపోతే కణాలు రెండు చివరల నుంచే రావాలి. ఈ మిశ్రమాల్లో చాలా మటుకు ఎముకకు దారి మాత్రమే ఇస్తాయి, ఎముకను పుట్టించే శక్తి వాటికి లేదు. నడిమి భాగం నెలల తరబడి ఖాళీగానే మిగులుతుంది. అలాంటిచోట రోగి సొంత ఎముకను తీసి కలపక తప్పదు.

ఖాళీ ఆకారం ముందే తెలుసా, ఆపరేషన్ బల్ల మీదే తెలుస్తుందా? ముందే తెలిస్తే స్కాన్ చూసి త్రీడీ ప్రింటర్‌లో ముద్రించిన ముక్క చేయవచ్చు. లేదంటే పిండిలా నొక్కగలిగేదో, సిరంజిలోంచి వచ్చేదో కావాలి.

ఖనిజం: ఎంత మిగలాలి?

హైడ్రాక్సీఅపటైట్, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ రెండూ తెల్లటి పొడులే, పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. ఒంట్లో మాత్రం రెండూ రెండు దారులు. మొదటి దానిలో కాల్షియం, ఫాస్ఫరస్ నిష్పత్తి 1.67, రెండో దానిలో 1.5. అధిక వేడిలో కాల్చిన హైడ్రాక్సీఅపటైట్ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, ఎక్స్‌రేలో తెల్లటి మచ్చలా కనిపిస్తూనే ఉంటుంది. బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ రంధ్రాలను బట్టి కొన్ని నెలల నుంచి రెండేళ్ల లోపు చాలావరకు తరుగుతుంది. ఆకారం నిలవాలి అనుకున్నచోట, దవడ గట్టులాంటి చోట, మొదటిది మేలు. మొత్తం సొంత ఎముకగా మారాలి అనుకుంటే రెండోది మేలు. తేల్చుకోలేకపోతే రెండింటి మిశ్రమమైన బైఫేసిక్ కాల్షియం ఫాస్ఫేట్ వాడండి. 60:40, 20:80 నిష్పత్తులు రెండూ వాడుకలో ఉన్నాయి. హైడ్రాక్సీఅపటైట్ పాలు పెరిగేకొద్దీ కరగడం నెమ్మదిస్తుంది.

కాల్చేటప్పుడు ఒక్క హెచ్చరిక. బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ సుమారు 1125 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆల్ఫా రూపంలోకి మారుతుంది. ఆల్ఫా సాంద్రత తక్కువ కాబట్టి ముక్క ఉబ్బి, సన్నని పగుళ్లు వస్తాయి. హైడ్రాక్సీఅపటైట్‌ను 1100 నుంచి 1300 డిగ్రీల మధ్య కాల్చవచ్చు, అంతకు మించితే విడిపోవడం మొదలవుతుంది.

బయోగ్లాస్ కథ వేరు. 1969లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో లారీ హెంచ్ రూపొందించిన 45ఎస్5 గాజులో బరువు లెక్కన సిలికా 45, సోడియం ఆక్సైడ్ 24.5, కాల్షియం ఆక్సైడ్ 24.5, ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ 6 శాతం. తడి తగలగానే సోడియం బయటికి వస్తుంది, ఉపరితలం మీద సిలికా జెల్ పొర, దాని మీద అపటైట్ పొర ఏర్పడతాయి. ఎముకతో అతుక్కునే వేగంలో కాల్షియం ఫాస్ఫేట్లకంటే ఇది ముందుంటుంది. కానీ రెండు ఇబ్బందులు ఉన్నాయి. ఈ గాజును గట్టిపడేదాకా కాల్చేలోపే అది స్ఫటికంగా మారుతుంది, అందుకే దానితో రంధ్రాల ముక్క చేస్తే బలహీనంగా వస్తుంది. రెండోది, చుట్టూ ఉన్న ద్రవంలో పీహెచ్ ఒక్కసారిగా పెరుగుతుంది. కణాల పరీక్షకు ముందు ఒక రోజు కణాల పెంపకపు ద్రవంలో నానబెట్టకపోతే, మంచి పదార్థం కూడా విషంలా ఫలితం చూపిస్తుంది.

కాల్షియం సల్ఫేట్‌ను ఎముక గుంతల్లో 1892 నుంచి వాడుతున్నారు. సుమారు 4 నుంచి 12 వారాల్లో పోతుంది. ఒంటరిగా వాడితే ఎముక కంటే ముందే మాయమవుతుంది. అందుకే దాన్ని హైడ్రాక్సీఅపటైట్ రేణువులతో కలుపుతారు. సల్ఫేట్ కరిగి దారులు తెరుస్తుంది, రేణువులు చోటును కాపాడతాయి.

పాలిమర్: రెండు గడువులు

పాలిమర్ (ప్లాస్టిక్, కొల్లాజెన్ లాంటి పొడవాటి అణు గొలుసుల పదార్థం) ఎంపిక దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. కారణం ఒక్కటే. సంస్థల పత్రాల్లో కనిపించే కరిగే కాలం బరువు పూర్తిగా పోయే కాలం. బలం అంతకు చాలా ముందే పోతుంది. పాలిలాక్టిక్ ఆమ్లం లాంటి పాలిమర్లలో నీరు లోపలికి వెళ్లి గొలుసులను తెంపుతుంది. అణుభారం పడిపోతుంది, దానితో బలం పడిపోతుంది. బరువు మాత్రం చివర్లో, ముక్కలు కరిగి బయటికి పోయేటప్పుడు తగ్గుతుంది. కాబట్టి ప్రతి పాలిమర్‌కూ బలం గడువు, బరువు గడువు విడివిడిగా రాసుకోండి.

| పాలిమర్ | బరువు గడువు | గుర్తుంచుకోవాల్సింది |
|---|---|---|
| కొల్లాజెన్ | వారాల నుంచి కొన్ని నెలలు | క్రాస్‌లింక్ (గొలుసులను ఒకదానికొకటి కట్టడం) ఎంత చేశారన్న దాన్ని బట్టి మారుతుంది, తడిలో బలం బాగా తక్కువ |
| పీఎల్‌జీఏ (లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాల పాలిమర్) 50:50 | 1 నుంచి 2 నెలలు | ఎముక ఖాళీకి చాలాసార్లు తొందర ఎక్కువ |
| పీఎల్‌జీఏ 85:15 | 5 నుంచి 6 నెలలు | చిన్న గుంతలకు సరిపడే వేగం |
| పాలీకాప్రోలాక్టోన్ | 2 నుంచి 3 ఏళ్లు, అంతకు మించి | సుమారు 60 డిగ్రీలకే కరుగుతుంది, నీటిని ఇష్టపడదు |
| పాలీ ఎల్ లాక్టిక్ ఆమ్లం | 2 నుంచి 5 ఏళ్లు | చివర్లో స్ఫటిక ముక్కల వల్ల వాపు రావచ్చు |

లాక్టిక్, గ్లైకోలిక్ జాతి పాలిమర్లలో ఇంకో చిక్కుంది. తెగిన గొలుసుల చివర ఆమ్లం మిగులుతుంది. మందమైన ముక్కలో ఆ ఆమ్లం బయటికి రాలేక లోపలే పేరుకుని, మిగతా గొలుసులను ఇంకా వేగంగా తెంపుతుంది. బయట చూస్తే ముక్క బాగానే ఉంటుంది, కోసి చూస్తే లోపల గుల్ల. ఒక రోజు ఆ ఆమ్లమంతా ఒక్కసారిగా చుట్టూ ఉన్న కణజాలంలోకి వస్తుంది. ఇక్కడ ఖనిజం రెండో పని చేస్తుంది. బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్, గాజు పొడి ఆ ఆమ్లాన్ని అణచివేస్తాయి. కాబట్టి ఈ పాలిమర్లలో ఖనిజం కలపడాన్ని గట్టిదనం కోసమే అనుకోకండి. ముక్క గోడలను పలచగా ఉంచడం కూడా అంతే ముఖ్యం.

భారం ప్లేటు మోస్తున్న పెద్ద ఖాళీకి పాలీకాప్రోలాక్టోన్, బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ జంటను ముందు పరిశీలించడం మంచిది. బరువు లెక్కన 80:20 పాళ్లలో ముద్రించిన స్కాఫోల్డులు (ఎముక పెరగడానికి పట్టునిచ్చే రంధ్రాల పంజరాలు) చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. ఆమ్లం నెమ్మదిగా వస్తుంది, ఆకారం నిలుస్తుంది. చిన్న, గోడలున్న గుంతకు ఇదే జంట వాడితే అనవసరమైన ఆలస్యం. అక్కడ కొల్లాజెన్‌తో కూడిన ఖనిజం ముందే పని ముగిస్తుంది.

కొల్లాజెన్ జంటా, పాలిస్టర్ జంటా?

కొల్లాజెన్, ఖనిజం జంటలో కణాలు పట్టుకునే చోట్లు ముందే ఉంటాయి. రక్తాన్ని పీల్చుకుంటుంది, సర్జన్ వేళ్లతో నొక్కి గుంతలో కూర్చోబెట్టవచ్చు. తడిశాక నొక్కుడు బలం మెగాపాస్కల్‌లో చిన్న వంతు మాత్రమే ఉంటుంది కాబట్టి భారం ఆలోచనే వద్దు. జంతువుల నుంచి తీసిన పదార్థం కాబట్టి మూలం, శుద్ధి పత్రాలు అడగాలి. పాలిస్టర్ (పై పట్టికలో కొల్లాజెన్ కాక మిగతావన్నీ) జంటలో ఆకారమూ బలమూ చేతిలో ఉంటాయి, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ తేడా తక్కువ, కానీ ఉపరితలం నీటిని తోసేస్తుంది. అదీగాక ముద్రించేటప్పుడో పోత పోసేటప్పుడో పాలిమర్ పలచని చర్మంలా ఏర్పడి ఖనిజ రేణువులను కప్పేస్తుంది. లోపల 20 శాతం ఖనిజం ఉన్నా కణాలకు అది కనబడదు. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో, ఒకటి నుంచి అయిదు మోలార్ మధ్య, కొన్ని గంటలు ఉంచితే ఆ చర్మం తొలిగి రేణువులు బయటపడతాయి, నీరు కూడా ఎక్కుతుంది. సన్నని గోడలు బలహీనపడే ప్రమాదం ఉంది, కాబట్టి బరువు ఎంత తగ్గిందో తూచి చూసుకోవాలి.

సిరంజిలోంచి వచ్చేవి

కాల్షియం ఫాస్ఫేట్ సిమెంట్లలో ఆల్ఫా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ ఆధారంగా ఉన్నవి ఎముక అపటైట్‌కు దగ్గరి పదార్థంగా గట్టిపడతాయి. వేడి పెద్దగా పుట్టదు. గ్రాము పొడికి 0.35 నుంచి 0.4 మిల్లీలీటర్ల ద్రవం వాడతారు. డైసోడియం ఫాస్ఫేట్ 2.5 శాతం కలిపిన నీరు గట్టిపడటాన్ని తొందర చేస్తుంది. ద్రవం పెంచితే సిరంజిలోంచి తేలిగ్గా వస్తుంది, కానీ ఆ నీరు ఉన్న చోటంతా సన్న రంధ్రాలై బలం పడిపోతుంది. తగ్గిస్తే సిరంజిలో ద్రవం ముందు బయటికి వచ్చి, పొడి లోపల బిగిసిపోతుంది. రక్తం కారే చోట పెడితే గట్టిపడకముందే కొట్టుకుపోవచ్చు. అల్జినేట్ గానీ హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్ గానీ ఒకటి రెండు శాతం కలిపితే ముద్ద కట్టి నిలుస్తుంది. మొదటి గట్టిదనం 3 నుంచి 8 నిమిషాల మధ్య, పూర్తి గట్టిదనం 15 నిమిషాల లోపు వస్తే ఆపరేషన్‌కు అనువు.

సిమెంట్ల లోపం పెద్ద రంధ్రాలు లేకపోవడం. ఎముక లోపలికి పోలేక పైనుంచి పొరలుపొరలుగా మాత్రమే మారుస్తుంది. బ్రషైట్ అనే ఇంకో కాల్షియం ఫాస్ఫేట్‌గా గట్టిపడే రకం త్వరగా తరుగుతుంది, కానీ గట్టిపడే సమయం మరీ తక్కువ. ఆలస్యం చేయడానికి సిట్రిక్ ఆమ్లం లాంటివి కలపాలి. వేడి పుట్టించే, ఎప్పటికీ కరగని యాక్రిలిక్ సిమెంటును వీటితో ఒకే వరుసలో పెట్టి పోల్చకండి. కీలు బిగించడానికి వాడేది వేరు, ఎముక పెంచడానికి వాడేది వేరు.

మెగ్నీషియం మిశ్రమ లోహాలను చాలామంది ఆసక్తిగా చూస్తున్నారు. గుణకం సుమారు 45 గిగాపాస్కల్, అంటే టైటానియం 110తో పోలిస్తే ఎముకకు బాగా దగ్గర. కానీ ఒక గ్రాము మెగ్నీషియం కరిగితే దాదాపు ఒక లీటరు హైడ్రోజన్ వస్తుంది. కరిగే వేగాన్ని పూతతో అదుపు చేయలేకపోతే వాయువు కణజాలంలో గుంతలు చేస్తుంది. స్క్రూలాంటి చిన్న ముక్కకు సరే, పెద్ద ఖాళీ నింపడానికి ఇప్పుడే వద్దు.

తయారీలో పాళ్లు, పొరపాట్లు

పొడిని సొంతంగా చేసుకునేవాళ్లు 10 గ్రాముల హైడ్రాక్సీఅపటైట్‌కు కాల్షియం నైట్రేట్ టెట్రాహైడ్రేట్ 23.5 గ్రాములు, డైఅమ్మోనియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 7.9 గ్రాములు తీసుకోవాలి. రెండింటినీ విడిగా నీటిలో కరిగించి, అమ్మోనియాతో పీహెచ్ 10 పైన ఉంచుతూ, ఫాస్ఫేట్‌ను చుక్కచుక్కగా కాల్షియంలోకి వదలాలి. ఒక రోజు అలాగే కలుపుతూ ఉంచి, వడకట్టి, బాగా కడగాలి. కడగకుండా వేడిచేస్తే మిగిలిపోయిన అమ్మోనియం నైట్రేట్ ప్రమాదకరం. కాల్షియం నైట్రేట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మూత తీసి ఉంచిన సీసాలోంచి తూచితే నీటినే తూచినట్టు, కాల్షియం తక్కువ పడుతుంది. కాల్చాక ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌లో (స్ఫటికాలను గుర్తించే పరీక్షలో) బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ గీతలు వస్తే చాలాసార్లు కారణం అదే. కాల్షియం ఎక్కువైతే సున్నం మిగులుతుంది. అది తడి తగిలి ఉబ్బి ముక్కను పగలగొడుతుంది, పీహెచ్ కూడా పెంచుతుంది.

తర్వాత పాళ్ల లెక్క. రెండు ప్రయోగాల ఫలితాలను పోల్చేటప్పుడు బరువు శాతమా, ఘనపరిమాణ శాతమా అని ముందు చూడండి. హైడ్రాక్సీఅపటైట్ సాంద్రత 3.16, పాలీకాప్రోలాక్టోన్ 1.145. బరువులో 30 శాతం ఖనిజం అంటే ఘనపరిమాణంలో 13 శాతమే. 50 శాతం అంటే 27, 70 శాతం అంటే 46. గట్టిదనాన్ని నిర్ణయించేది ఘనపరిమాణమే. బరువులో 30 శాతం దాకా కలిపితే వంగే గుణం కొంత మిగులుతుంది. 50 దాటాక గట్టిదనం పెరుగుతుంది కానీ ముక్క సుద్దలా విరుగుతుంది, ముద్రణ యంత్రం ముక్కు కూడా మూసుకుపోతుంది.

నానో పొడి ఎప్పుడూ మెరుగే అన్న నమ్మకాన్ని కాస్త పక్కన పెట్టాలి. నానో రేణువులు విడివిడిగా ఉంటేనే లాభం. గుంపులు కట్టితే పది ఇరవై మైక్రాన్ల ఉండలై, పగులు మొదలయ్యే చోట్లుగా మారతాయి. విరిగిన ముఖాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసినప్పుడు రేణువులు నున్నగా ఊడివచ్చిన గుంతలు కనిపిస్తే అతుకు లేదని అర్థం. సిలేన్ (ఖనిజాన్నీ పాలిమర్‌నూ అతికించే రసాయనం) పూత గానీ, రేణువు మీద చిన్న పాలిమర్ గొలుసులు పెంచడం గానీ దానికి మార్గం.

ఉప్పు కరిగించే పద్ధతిలో రంధ్రాల ముక్క చేయాలంటే ఒక మంచి మొదలు ఇది: పాలీకాప్రోలాక్టోన్ 7 గ్రాములు, హైడ్రాక్సీఅపటైట్ 3 గ్రాములు, 250 నుంచి 425 మైక్రాన్ల మధ్య జల్లించిన ఉప్పు 90 గ్రాములు. పాలిమర్‌ను 35 మిల్లీలీటర్ల డైక్లోరోమీథేన్‌లో కరిగించండి. ఖనిజాన్ని ఇంకో 10 మిల్లీలీటర్లలో, ఐసు గిన్నెలో పెట్టి అల్ట్రాసౌండ్‌తో విడదీసి కలపండి. ఉప్పు కలిపాక తడి ఇసుకలా ఉండాలి. పైన ద్రవం తేలుతుంటే ఉప్పు అడుక్కు దిగిపోయి, పైన రంధ్రాలు లేని పొర వస్తుంది. అలా ఉంటే కొంత ద్రావకం ఆవిరయ్యేదాకా కలుపుతూ ఆగండి. ఫ్యూమ్ హుడ్‌లో రెండు రోజులు, తర్వాత శూన్యంలో రెండు రోజులు ఆరబెట్టి, నీటిలో మూడు రోజులు నానబెట్టండి, నీటిని రోజుకు మూడుసార్లు మార్చండి. కడిగిన నీటిలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడకూడదు. ఈ పాళ్లతో లెక్క ప్రకారం ముక్కలో రంధ్రాల ఖాళీ సుమారు 85 శాతం వస్తుంది. ఉప్పు 70 శాతం కంటే తగ్గితే రంధ్రాలు ఒకదానితో ఒకటి కలవవు, ఉప్పు లోపలే చిక్కుకుంటుంది. ముక్క అయిదు మిల్లీమీటర్ల కంటే మందం ఉంటే నడుమ ఉప్పు మిగిలే అవకాశం ఎక్కువ. క్లోరోఫామ్ బదులు డైక్లోరోమీథేన్ చెప్పడానికి కారణం ఉంది. ఔషధాల్లో మిగులు ద్రావకాలకు అంతర్జాతీయంగా పెట్టిన హద్దు క్లోరోఫామ్‌కు 60 పీపీఎం (పది లక్షల భాగాల్లో 60), దీనికి 600.

రంధ్రం 100 మైక్రాన్ల కంటే చిన్నదైతే ఎముక లోపలికి పోవడం కష్టం. రక్తనాళాలు కూడా రావాలంటే 300 మైక్రాన్లు, ఆ పైన మంచిది. అయితే ఖాళీ పెరిగేకొద్దీ గట్టిదనం దాదాపు వర్గం లెక్కన పడిపోతుంది. 85 శాతం ఖాళీ ఉంటే మిగిలిన పదార్థం 0.15, దాని వర్గం 0.0225. రంధ్రాలు లేనప్పుడు 0.5 గిగాపాస్కల్ ఉన్న పదార్థం సుమారు 11 మెగాపాస్కల్‌కు దిగుతుంది. స్పాంజి ఎముక అడుగు హద్దు 50. ఇది చూశాక కూడా భారం మోసే చోట రంధ్రాల మిశ్రమాన్ని ఒంటరిగా పెట్టమని ఎవరైనా చెబితే వాళ్ల లెక్క అడగండి.

కొల్లాజెన్ జంటను శీతలంలో గడ్డకట్టించి ఆరబెట్టి చేస్తారు. ఇక్కడ అందరూ పడే గుంత ఆమ్లం. కొల్లాజెన్ కరగడానికి 0.5 మోలార్ ఎసిటిక్ ఆమ్లం వాడి అందులోనే ఖనిజం పోస్తే, ఖనిజం కొంత కరిగిపోతుంది, పాళ్లు తప్పుతాయి. 0.05 మోలార్‌కు తగ్గించండి, లేదా చల్లగా ఉంచుతూ పీహెచ్‌ను 7 దగ్గరికి తెచ్చాకే ఖనిజం కలపండి. గడ్డకట్టించడం నిమిషానికి సుమారు ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా సాగితే రంధ్రాలు ఒకే తీరుగా వస్తాయి. గడ్డకట్టే ఉష్ణోగ్రత ఎంత తక్కువైతే రంధ్రాలు అంత చిన్నవి. మైనస్ 40 వద్ద 100 మైక్రాన్ల దగ్గర వస్తాయి. క్రాస్‌లింక్‌కు గ్లుటరాల్డిహైడ్ చవకే, కానీ ముక్కలో మిగిలిపోయినది కణాలను చంపుతుంది. కార్బోడైఇమైడ్ మేలు.

వేడితో కరిగించి కలిపేవాళ్లకు నీరే శత్రువు. ఖనిజ పొడిలో దాగిన తేమ పాలిలాక్టిక్ ఆమ్లాన్ని యంత్రంలోనే తెంపేస్తుంది. పాలిమర్‌లో తేమ 250 పీపీఎం కంటే తక్కువ ఉండేలా చూసి, ఖనిజాన్ని కూడా శూన్యంలో రాత్రంతా ఆరబెట్టి వాడండి. పూత లేని 45ఎస్5 గాజును ఈ పాలిమర్‌తో వేడిలో కలపకపోవడమే మంచిది. దాని క్షార స్వభావం గొలుసులను నాశనం చేస్తుంది. పాలీకాప్రోలాక్టోన్ తక్కువ వేడిలో కరుగుతుంది కాబట్టి కొంత తట్టుకుంటుంది.

స్టెరిలైజేషన్‌ను ముందే ఎంచుకోండి

అన్నీ అయ్యాక చివర్లో దీని గురించి ఆలోచిస్తే ఏడాది శ్రమ పోతుంది. ఆటోక్లేవ్ 121 డిగ్రీలు కొల్లాజెన్‌నూ, పాలిస్టర్లన్నిటినీ పాడుచేస్తుంది. ఉత్త ఖనిజ గుళికలకు మాత్రం బాగుంటుంది. 25 కిలోగ్రే గామా కిరణాలు లాక్టిక్ జాతి పాలిమర్ల అణుభారాన్ని తగ్గిస్తాయి, అంటే బలం గడువు పెట్టె తెరవకముందే మొదలైపోయినట్టు. ఇథిలీన్ ఆక్సైడ్ వాడితే తక్కువ ఉష్ణోగ్రత చక్రం ఎంచుకోవాలి, లేకపోతే పాలీకాప్రోలాక్టోన్ మెత్తబడి వంగుతుంది. రంధ్రాల్లో మిగిలిన వాయువు పోయేదాకా గాలి ఆడించాలి. ఏ పద్ధతైనా సరే, బలం, అణుభారం పరీక్షలు స్టెరిలైజ్ చేసిన ముక్క మీదే చేయాలి. దీన్ని పాటించని పత్రంలోని అంకెలను పోలికలో చేర్చకండి.

పరీక్ష ఫలితాలను ఎలా నమ్మాలి?

కృత్రిమ శరీర ద్రవంలో అపటైట్ పొర ఏర్పడిందని చూపించే ఫొటోలు ప్రతి పత్రంలోనూ ఉంటాయి. జపాన్ శాస్త్రవేత్త కొకుబో రూపొందించిన ఆ ద్రవం పీహెచ్ 7.40, ఉష్ణోగ్రత 36.5 డిగ్రీలు, కాల్షియం 2.5 మిల్లీమోలార్. బయోగ్లాస్‌కు ఇది చక్కని పరీక్ష. కానీ బీటా ట్రైకాల్షియం ఫాస్ఫేట్ అందులో సరైన పొర చూపించకపోయినా ఒంట్లో ఎముకతో కలుస్తుంది. కాబట్టి ఈ ఒక్క పరీక్షతో రెండు పదార్థాల్లో ఏది మంచిదో తేల్చడం తప్పు.

కణాల విషపరీక్షకు వైద్య పరికరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10993లోని అయిదో భాగం, పెట్టిన చోటు ప్రభావాలకు ఆరో భాగం, పాలిమర్ తరుగుదలకు 13, సిరామిక్ తరుగుదలకు 14. అయిదో భాగంలో కణాల జీవశక్తి 30 శాతం కంటే ఎక్కువ తగ్గితే విషమని లెక్క. తరుగుదల పరీక్షలో బరువుతో పాటు అణుభారం, తడి బలం, ద్రవం పీహెచ్ నాలుగూ ఒకే కాలాల్లో, 1, 4, 12, 26 వారాల్లో కొలవమని అడగండి. బరువు గీత ఒక్కటే చూపించే పత్రం సగం కథే చెబుతుంది. జంతు పరీక్షల్లో దానంతటదే మానని ఖాళీ పెట్టారా లేదా చూడండి. ఎలుక పుర్రెలో 8 మిల్లీమీటర్లు, కుందేలు ముంజేతి ఎముకలో 15 మిల్లీమీటర్లు వాడుకలో ఉన్న కొలతలు. అంతకంటే చిన్న రంధ్రం ఏ పదార్థం పెట్టినా, పెట్టకపోయినా మానుతుంది. ఖాళీగా వదిలిన గుంపు లేని ఫలితం అందుకే పనికిరాదు.

ఏ ఖాళీకి ఏది

స్పాంజి ఎముకలో గోడలున్న గుంత, తిత్తి తీసేశాక మిగిలినలాంటిది: బైఫేసిక్ గుళికలు, లేదా కొల్లాజెన్‌తో కూడిన అదే ఖనిజం. కీలు దగ్గర పైపెంకు కుంగకుండా ఆపాలంటే అపటైట్ సిమెంటు, దానికి తోడు ప్లేటు.

పన్ను తీసిన గుంత, దవడ గట్టు: 0.25 నుంచి 1 మిల్లీమీటరు గుళికలు, నెమ్మదిగా తరిగే రకం, పైన పొర. గుళికలు మరీ చిన్నవైతే రక్తంతో బంకలా బిగుసుకుని మధ్యలో దారులు మూసుకుపోతాయి.

పొడవాటి ఎముకలో ముక్క లోపం: ముద్రించిన పాలీకాప్రోలాక్టోన్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్ పంజరం, లోపల రోగి సొంత ఎముక, బయట రాడ్డో ప్లేటో. పంజరాన్ని ఒంటరిగా నమ్మవద్దు. పెరుగుదల ప్రోటీన్ కలిపితే సరిపోతుందన్న ఆలోచన వస్తే జాగ్రత్త. ఎముకను పుట్టించే అలాంటి ప్రోటీన్ బీఎంపీ 2ను కొల్లాజెన్ స్పాంజిలో నడుము వెన్నెముకకు 2002లో అమెరికాలో ఆమోదించారు. మెడ వెన్నెముకలో వాడితే ప్రాణాంతకమైన వాపు రావచ్చని 2008లో అక్కడి నియంత్రణ సంస్థే హెచ్చరించింది. ఎంత మోతాదు, ఎక్కడ, ఎంత వేగంగా విడుదలవుతుందో చెప్పలేనప్పుడు ఆ ప్రోటీన్ జోలికి పోకూడదు.

పుర్రె: పెద్దవాళ్లలో భారం లేదు కాబట్టి పాలీకాప్రోలాక్టోన్ జంట సరిపోతుంది. వెంటనే గట్టి రక్షణ కావాలంటే పీక్ అనే కరగని గట్టి ప్లాస్టిక్ పలక. పిల్లల్లో పుర్రె పెరుగుతుంది, కరగని పలక పెరగదు, కాబట్టి కరిగే రకమే ముందు చూడాలి.

చీము పట్టిన ఎముకను శుభ్రం చేశాక: యాంటీబయాటిక్ కలిపిన కాల్షియం సల్ఫేట్, హైడ్రాక్సీఅపటైట్ మిశ్రమం. యాక్రిలిక్ సిమెంటు పూసలను తీయడానికి మళ్లీ ఆపరేషన్ కావాలి, దీనికి అక్కర్లేదు. సల్ఫేట్ కరిగేటప్పుడు గాయం నుంచి తేటగా ద్రవం కారవచ్చు. దాన్ని చీము అని పొరబడి మళ్లీ తెరవకుండా ఉండాలంటే ముందే ఆ సంగతి రోగికీ నర్సులకూ చెప్పి ఉంచాలి. ద్రవాన్ని కల్చర్‌కు పంపి చూశాకే తదుపరి నిర్ణయం తీసుకోవాలి.